అమ్మవారి కింద పేకముక్కలు

ఇరవై రెండేళ్ళుగా నేను ఒక బల్లను మోస్తున్నాను. ఇద్దరు మగవాళ్ళు చెరోవైపు పట్టుకుంటే గానీ లేవని రోజ్‌వుడ్ బల్ల. చేతులతో మోసి ఉంటే ఎక్కడో ఒకచోట దించేదాన్ని. మనసులో పెట్టుకుని మోస్తున్నాను కాబట్టి దించే చోటు దొరకలేదు.

నా పేరు అడగకండి. తమిళనాడు ధర్మపురిలో పాత్రల అంగడి ఉన్న ఇంటి కోడలిని. అంతకంటే చెబితే మా వీధివాళ్ళు గుర్తుపడతారు. నిజానికి ఆ భయం కూడా పెద్దగా లేదు. మా వీధిలో సగం ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు లేరు. మా ఇంట్లో అయితే నేనొక్కదాన్నే. మా ఆయన, పిల్లలు, మా మామ, అందరూ అరవంలో చదువుకున్నవాళ్ళు.

నేను పుట్టింది ఇక్కడికి దగ్గరే, ఇండూరులో. చిన్నప్పుడు ఉబ్బసం అని నన్ను బడికి పంపలేదు. మా నాన్న చేటలో రాగిపిండి పలచగా పరిచి, నా వేలు పట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించాడు. తప్పు రాస్తే చెరిపేవాడు. సాయంత్రం ఆ పిండితోనే మా అమ్మ సంగటి చేసేది. అలా నా తప్పులన్నీ నేనే తిని పెరిగాను. ఆ అక్షరాలు ఇచ్చినందుకు నాన్నకు రోజూ దండం పెట్టుకుంటాను. అరవం మాత్రం బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. అందుకే ఊళ్ళ పేర్లు గడగడా చదువుతాను, మిగతావి తడుముకుంటాను.

ఈ ఒక్క తప్పును మాత్రం మింగలేకపోయాను. నోటితో చెప్పలేకపోయాను. ముందు కాగితం మీద మీకు చెబితే తర్వాత నోరు అలవాటు పడుతుందేమో అని రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ చదవలేని అక్షరాల్లో రాయడం ఒప్పుకోవడమా, ఇంకో రకంగా దాచుకోవడమా? తెలియదు. రాస్తూ ఆలోచిస్తాను.

ముందు బల్ల సంగతి. మామ తండ్రి కాలంలో యేర్కాడు కొండ మీద ఒక కాఫీతోట దొర బంగళా ఖాళీ చేసి సామాను వేలం వేశాడట. వెళ్ళినవాళ్ళందరూ మంచాలూ బీరువాలూ కొంటే, ఆయన ఈ బల్ల కొని ఎద్దుల బండి మీద తెచ్చాడు. మూసి ఉంటే గోడకు ఆనించిన అర్ధచంద్రంలా ఉంటుంది. కాళ్ళు సన్నగా, జింక కాళ్ళలా. అప్పుడది టీ బల్ల. వెనక కాళ్ళలో ఒకటి గేటులా తిరుగుతుంది. దాన్ని వెనక్కి లాగి, పైచెక్కను పుస్తకం అట్టలా తిప్పి దాని మీద పరిస్తే నిండు చందమామ. లోపలంతా ఆకుపచ్చ బట్ట. అంచుల్లో నాలుగు చిన్న గుంటలు. దొరలు పేక ఆడుతూ అందులో పందెపు బిళ్ళలు వేసుకునేవారట. మామావాళ్ళు చింతగింజలు వేసుకునేవారు. తిరిగే కాలి వెనక ఒక చిన్న సొరుగు. అది ఉందని తెలిసినవాళ్ళకే కనిపిస్తుంది. అందులో రెండు కట్టల పేకముక్కలు ఉండేవి.

అంగడి మధ్యాహ్నం మూసినప్పుడల్లా మా హాల్లో రమ్మీ జరిగేది. మామతో కలిపి నలుగురు. మిగిలిన ముగ్గురినీ నేను పేర్లతో కాదు, టీలతో గుర్తుపెట్టుకున్నాను. ఒకాయన చక్కెర లేని టీ. ఒకాయన అల్లం టీ. మూడో ఆయన మూడు స్పూన్ల టీ. ఈయన హరూర్ నుంచి బస్సులో వచ్చేవాడు. తాగిన తర్వాత కూడా గ్లాసు అడుగున చక్కెర మిగిలి ఉండాలి ఆయనకు, దాన్ని వేలితో తీసుకుని తినాలి. మా మామకు పాలు ఎక్కువ, డికాషన్ తక్కువ. నాలుగు గ్లాసులు, నాలుగు రకాలు, మధ్యాహ్నానికి మూడు విడతలు. ఒకరిది ఇంకొకరికి పోయిందంటే ఆట ఆగిపోయేది. ముక్కలు బోర్లా పెట్టి నలుగురూ నా వైపు చూసేవారు.

నాకు కావలసింది ఒక్క గంట. నాన్న ఇచ్చిన స్తోత్రాల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. రెండో శ్లోకం దగ్గరికి వచ్చేసరికి "ఏమ్మా, టీ!" అని కేక వినిపించేది. పెళ్ళయిన ఐదేళ్ళలో నేను మూడో శ్లోకం చూడలేదు.

మామ మంచివాడు. ఇది గట్టిగా చెప్పాలి. కొత్త కోడలిగా వచ్చిన రోజు నా పెట్టెలో తెలుగు పుస్తకం చూసి, "మన ఇంటికి అక్షరం వచ్చింది" అని మా అత్తతో దిష్టి తీయించాడు. అలాంటి మనిషికి "మామా, మధ్యాహ్నం ఒక గంట నన్ను వదిలేయండి" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? చెబితే టీ పెట్టని కోడలినవుతాను. కల వచ్చిందని చెబితే పుణ్యాత్మురాలినవుతాను. అంత ఆలోచించానా? ఆలోచించాను. ఆ ఆలోచనే అసలు పాపం, కల దాని బిడ్డ.

శ్రావణ శుక్రవారం. పూజగదిలో అమ్మవారి పాత పీటకు చెదలు పట్టింది, కొత్తది చేయించాలని అత్త అంటోంది. నేను తలస్నానం చేసి, తడిజుట్టుతోనే వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. "అత్తా, తెల్లారగట్ట కల వచ్చింది. అమ్మవారు మామ టీ బల్ల మీద కూర్చోనుండింది" అన్నాను. గమనించారా? టీ బల్ల అన్నాను, పేక బల్ల అనలేదు. అబద్ధంలో కూడా మడి పాటించాను. నిజానికి ఆ తెల్లవారుజామున నాకు వచ్చిన కలలో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అంతకుమించి ఏమీ లేదు.

అత్త నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "నాకు తెలుసు! అది అర్ధచంద్రం గదా! అమ్మ తలమీద ఉండేది అదే గదా!" అని అప్పుడే కర్పూరం వెతుకుతోంది. అర్ధచంద్రం సంగతి నాకు తట్టనేలేదు. అబద్ధం చెప్పేవాళ్ళకంటే నమ్మేవాళ్ళకే తెలివి ఎక్కువ.

మామ భోజనానికి వచ్చాడు. అప్పటి మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఏమ్మా, అమ్మ దాని మీదనే కూర్చోనుండిందా?"

"అవును మామా."

"బల్ల మూసి ఉండిందా, తెరిచి ఉండిందా?"

ఇంతదూరం నేను ఆలోచించలేదు. "మూసే ఉండింది మామా."

"బాగా చూసినావా?"

"చూసినాను మామా."

ఆయన కాసేపు బల్ల వంక చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి పైచెక్క తుడవడం మొదలుపెట్టాడు. టీ గ్లాసులు పెట్టీ పెట్టీ పడిన గుండ్రటి మరకలు అవి. తుడిస్తే పోయేవి కావు. అయినా తుడిచాడు.

"ఆమె అడిగినాక వద్దనేదానికి మనమెవురమ్మా? నలుగురు ముసిలోళ్ళం, యాడన్నా కూర్చుంటాం. పాపం, ఆమె యాడ కూర్చుంటాది?"

అంతే. కోపపడలేదు. కోపపడి ఉంటే నాకు ఎంత ఉపకారం చేసినవాడయ్యేవాడు!

సొరుగులో ముక్కలు కూడా తీసుకోలేదు. అమ్మవారికి ఇచ్చాక అందులో చెయ్యి పెట్టకూడదు అనుకున్నాడేమో. కొత్త కట్టలు కొన్నాడు. నలుగురూ చాప మీద ఆడి చూశారు. అల్లం టీ ఆయన మోకాళ్ళు వంగవు, వంగితే లేవవు. తర్వాత అంగట్లో పెద్ద గంగాళం బోర్లించి దాని చుట్టూ కూర్చున్నారు. ముక్క వేసి చెయ్యి ఆనించినప్పుడల్లా అది ఖంగుమని మోగేది. చెంబు కొనడానికి వచ్చినవాళ్ళు లోపల ఏం పూజ జరుగుతోందని తొంగిచూసేవారు. దీపావళి వచ్చేసరికి ఆట ఆగిపోయింది.

నాకు గంట దొరికింది. మూడో శ్లోకం చదివాను. పుస్తకం చివరి దాకా చదివాను. ఏ శ్లోకమూ గొంతు దిగలేదు. ఎందుకంటే అమ్మవారు ఎదురుగా ఆ బల్ల మీదే ఉంది, నేను ఆమె కళ్ళలోకి కాకుండా బల్ల కాళ్ళ వంక చూస్తూ చదువుతున్నాను.

తర్వాత ఇంకో వింత మొదలైంది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు మామ పూజగదిలోకి వచ్చి బల్ల ముందు కూర్చునేవాడు. కళ్ళు మూసుకుని పెదవులు కదిపేవాడు. అత్త వీధంతా చెప్పుకుంది, ఈ వయసులో మా ఆయన జపంలో పడ్డాడని. ఒకరోజు నేను దీపంలో నూనె పోయడానికి దగ్గరికి వెళ్ళాను. ఆ జపం విన్నాను. "ఆఠీను రాణి వాని దగ్గర ఉండింది... కళావరు పది నేను వేసుండకూడదు..." పాత ఆటలు. ఓడిపోయిన ఆటలన్నీ మనసులో మళ్ళీ ఆడుకుంటున్నాడు. నూనె ప్రమిదలో కాకుండా నా కాలి మీద పోసుకున్నాను.

అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే చుట్టుపక్కల ఆడవాళ్ళు శుక్రవారాలు రావడం మొదలుపెట్టారు. మహేంద్రమంగళం నుంచి ఒకావిడ వచ్చి మొక్కుకుంది. వాళ్ళ చేనులో బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. ఆమె రెండు బుట్టల టొమాటోలు తెచ్చి బల్ల ముందు పోసింది. వారం రోజులు మా ఇంట్లో టొమాటో పులుసే. బల్లకు అర్ధచంద్ర పీఠం అని పేరు వచ్చింది. ఎవరో అది కంచి నుంచి వచ్చిందన్నారు. నేను కాదనలేదు, అవుననలేదు, హారతి పళ్ళెం తిప్పాను. అందరూ కళ్ళు మూసుకుని దండం పెట్టుకునేటప్పుడు నేనొక్కదాన్నే కళ్ళు తెరిచి ఉండేదాన్ని. అమ్మవారి కింద రెండు కట్టల పేక, నాలుగు జోకర్లు. అయినా ఆమె ఏనాడూ మొహం చిట్లించుకోలేదు. నీళ్ళు పడ్డాయంటే అది ఆమె దయే. నా అబద్ధాన్ని కూడా ఊరికే పోనివ్వకుండా ఒకరి చేనుకు వాడింది. ఆ తల్లికి నేను ఎన్ని జన్మలు దండం పెట్టినా చాలదు.

అత్త పోయి నాలుగేళ్ళయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నీకు కల వచ్చినందుకే గదమ్మా ఆయన దేవుని ముందర కూర్చున్నాడు" అంది. నోరు తెరిచాను. ఆమె కళ్ళలో అంత సంతోషం చూసి మూసుకున్నాను. ఇంక ఆమెకు చెప్పే దారి లేదు. మామ ఒక్కడే మిగిలాడు. ఎనభై నాలుగేళ్ళు.

పోయిన నెలలో హరూర్ నుంచి ఫోన్ వచ్చింది. చక్కెర లేని టీ ఆయన, అల్లం టీ ఆయన ఎప్పుడో వెళ్ళిపోయారు. మూడు స్పూన్ల టీ ఆయన మాత్రం గట్టిగా ఉన్నాడు. దేవుడి వైద్యం మనకు అర్థం కాదు. "సచ్చేలోపల ఒక్కాట ఆడాలరా" అని గురువారం బస్సెక్కి, కర్ర పట్టుకుని వచ్చేశాడు.

ఇద్దరినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాను. మా ఆయన మోజుపడి కొన్న అద్దం బల్ల అది. ఫ్యాను గాలికి ముక్కలు జారుతున్నాయి. ఫ్యాను ఆపితే ఇద్దరికీ చెమటలు. కాసేపటికి మూడు స్పూన్ల ఆయన అన్నాడు:

"డేయ్, ముక్కలు కొంచెం వాల్చి పట్టుకోరా. నీవన్నీ అద్దంలో నాకు కనపడతా ఉండాయి."

"కనపడితే చూడొద్దు."

"కండ్లు పెట్టుకోని ఎట్ల చూడకుండా ఉండేది?"

"ఇంతసేపు చూసి ఆడి, ఇప్పుడా చెప్పేది? మూడాటలు గెలిచినావు గదరా!"

"నాలుగు."

మామ నవ్వాడు. ఆ నవ్వు మా ఇంట్లో విని ఎన్నేళ్ళయిందో. తర్వాత ఒక ముక్క జారి కింద పడింది. వంగి తీసుకోబోయి పైకి లేవలేకపోయాడు. నేను వెళ్ళి లేపాను. "ఆ పచ్చబట్ట మీద ముక్క వేస్తే వేసిన చోటనే కూర్చునేదిరా" అన్నాడు స్నేహితుడు. మామ పూజగది వైపు చూశాడు. చూసినందుకు తప్పయిందన్నట్టు వెంటనే చెంపలు వేసుకున్నాడు.

ఇరవై రెండేళ్ళ కింద నేను చేసిన పని ఆ రెండు చెంపల మీద పడింది.

వెళ్తూ వెళ్తూ ఆయన, "కంటి ఆపరేషన్ ఉండాది. అయినాక మళ్ళా వస్తా, నువ్వుంటే" అన్నాడు. "నేనుంటాను. నువ్వు బస్సులో పడకుండా రా" అన్నాడు మామ.

మర్నాడు నేనేం చేశానో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. మళ్ళీ తలస్నానం చేశాను. మళ్ళీ తడిజుట్టు. ఒక అబద్ధపు కలను చెరపడానికి ఇంకో అబద్ధపు కల.

"మామా, అమ్మవారు కలలోకి వచ్చి..."

"ఈసారి కూర్చోనుండిందా, నిలబడుండిందా?"

"నిలబడి... కొత్త పీట అడిగింది మామా. బల్ల మీకు ఇచ్చేయమనింది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. కలను నమ్మి ఇచ్చినాను. ఇంకో కలను నమ్మి తీసుకుంటే, నేను ముక్క ఎత్తినప్పుడల్లా ఆమె గోడకానుకోని నిలబడుండేది కనపడతాది. నా వల్ల కాదు."

ఆయనకు తెలుసా? మొదటి రోజే తెలుసా? మూసి ఉండిందా తెరిచి ఉండిందా అని అడిగింది అందుకేనా? కళ్ళలోకి చూశాను. మందపాటి అద్దాల వెనక ఏమీ దొరకలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. ఆ బల్ల తెరుచుకోవాలంటే కల పనికిరాదు. కల రాలేదన్న మాట కావాలి.

ఆ మాట కోసం నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాను. ఎదురుగా నిలబడి "మామా..." అంటాను. "ఏమ్మా, టీ నా?" అంటాడు. "అవును మామా" అని వంటింట్లోకి వెళ్ళిపోతాను. నా పశ్చాత్తాపం వల్ల ఆ ముసలాయన రోజుకు ఆరు టీలు తాగుతున్నాడు.

ఈ రోజు గురువారం. ఆపరేషన్ అయిన కంటితో హరూర్ ఆయన బయలుదేరాడని పొద్దున ఫోన్ వచ్చింది. నాకు సగం ధైర్యం వచ్చింది. వడ్రంగితో చేయించి దాచిన టేకు పీట తీశాను. అమ్మవారి ముందు చెంపలు వేసుకుని అనుమతి అడిగి, పటాన్నీ కలశాన్నీ దాని మీదికి మార్చాను. ఆమెకు కాగితం అవసరం లేదు, అంతా ముందే తెలుసు. బల్ల వెనక కాలు బిగుసుకుపోయింది. కొబ్బరినూనె పోసి అటూ ఇటూ కదిపితే మూలుగుతూ తిరిగింది. సొరుగు తీశాను. ఇరవై రెండేళ్ళ కలశం నీళ్ళు, పసుపు, కుంకుమ చెక్కల సందుల్లోంచి దిగి ముక్కలన్నీ ఒకటే ఇటుకలా అతుక్కుపోయాయి. అన్నిటికీ పైన జోకరు. సరిగ్గా నుదుటి మీద ఎర్రగా బొట్టు. ఇన్నేళ్ళలో అందరికంటే ఎక్కువ పూజ అందుకున్నవాడు అతనే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దండం మాత్రం పెట్టాను, అలవాటు.

వీధి చివరి ఫ్యాన్సీ స్టోర్‌కి వెళ్ళి పేక కట్టలు రెండు అడిగాను. అంగట్లో అమ్మాయి ప్రతి శుక్రవారం మా ఇంటికి వచ్చి మొక్కుకునేదే. "ఎవురికక్కా?" అంది. "మామకు" అన్నాను. "తాతకా! ఆయన ఎంత జపం చేస్తాడు!" అంది. "అదే జపం" అన్నాను. ఇంతకాలానికి నా నోటి నుంచి ఒక నిజం వచ్చింది, ఆమెకు అర్థం కాలేదు.

తిరిగొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, నా మనసులో ఒక మూల ఇలా ఉంది: రాసేస్తే బరువు దిగిపోతుంది, కాగితాలు మడిచి ఆ సొరుగులో పెట్టేస్తే ఎవరూ చదవలేరు, ఆయనతో ఏదో ఒకటి చెప్పి సర్దేయవచ్చు. ఇంకో వాక్యం రాసేలోపల మామ కర్ర చప్పుడు వినిపించింది.

"ఏమ్మా, పొద్దున్నించి రాస్తా ఉండావు?"

"స్తోత్రం మామా."

మూడో అబద్ధం. ఒప్పుకోలు రాస్తూ రాస్తూ!

"మంచిది. వాడొచ్చినాక టీ తాగతా వింటాం. పెద్దగా చదువు. వానికి కన్ను వచ్చింది, చెవి పోయింది."

వెళ్ళి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎంత తెలివి తక్కువదాన్ని! ఆయన చదవలేడని ధైర్యంగా ఈ అక్షరాల్లో రాశాను. అక్షరం ఆయనకు రాదు గానీ మాట అంతా ఆయనదే. వింటే ఒక్క ముక్క పోదు. అది కూడా పెద్దగా చదవమన్నాడు. ఈ వీధిలో పెద్దగా చదివితే ఫ్యాన్సీ స్టోర్ దాకా వినిపిస్తుంది.

ఆయన ఏమంటాడో నాకు తెలియదు. కోపపడతాడా, బల్ల తెరుస్తాడా, లేక ఏమీ అనకుండా తువ్వాలు తీసి మళ్ళీ ఆ మరకలు తుడుస్తాడా? ఇన్నేళ్ళ మధ్యాహ్నాలను నేనెలా తిరిగి ఇవ్వగలను? ఇవ్వలేను. అత్తకు చెప్పలేకపోయింది అలాగే ఉంటుంది. నన్ను క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతుల్లో లేదు.

వాకిట్లో, "వస్తివా! బస్సులో పడలేదే!" అని మామ గొంతు. పాలు పొంగుతున్నాయి. ఒక గ్లాసులో పాలు ఎక్కువ, డికాషన్ తక్కువ. ఇంకో గ్లాసులో మూడు స్పూన్లు, కలపకుండా. ఈ కాగితాలు పళ్ళెంలో గ్లాసుల పక్కన పెడుతున్నాను. మొదటి వాక్యం బల్ల గురించే ఉంది. అది పెద్దగా చదివేశానంటే ఇంక వెనక్కి వంటింట్లోకి పరుగెత్తలేను.

పళ్ళెం ఎత్తాను. ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.